పేలియోబయాలజీ పదవి ఒకటి, వెతుకులాట రెండుసార్లు: ఒక నియామకంపై కేస్ స్టడీ

ఇక్కడ చెప్పే విభాగం ఏ ఒక్క విశ్వవిద్యాలయానిదీ కాదు. పేలియోబయాలజీ (శిలాజాల ద్వారా ప్రాచీన జీవాన్ని అధ్యయనం చేసే శాస్త్రం) నియామకాల్లో పదే పదే ఎదురయ్యే పరిస్థితులను ఒకే విభాగానికి ఆపాదించి కట్టిన కేసు ఇది. ఒక భూవిజ్ఞాన విభాగం ఉంది. పక్క భవనంలో జీవశాస్త్ర విభాగం, కింది అంతస్తులో దశాబ్దాలుగా పోగైన శిలాజాల సేకరణ ఉన్నాయి. పదవీ విరమణతో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థానం ఖాళీ అయింది. మొదటి ఏడాది ప్రయత్నం ఎవరినీ తీసుకోకుండానే ముగిసింది. రెండో ఏడాది పదవి భర్తీ అయింది. ఈ రెండింటి మధ్య ఏం మార్చారు, మార్చినా ఏం కుదరలేదు అన్నదే ఈ వ్యాసం.

మొదటిసారి ఏం జరిగింది

ప్రకటనలో అసలు విషయం ఒక్క వాక్యంలో ముగిసింది: "పేలియోబయాలజీలో ఏ శాఖలో పరిశోధన చేస్తున్నవారైనా దరఖాస్తు చేయవచ్చు." తలుపు బార్లా తెరిస్తే ఎక్కువమంది వస్తారని అనుకున్నారు, వచ్చారు కూడా. కానీ వచ్చినవారిని ఒకరితో ఒకరిని పోల్చడానికి కొలబద్ద లేకపోయింది.

1975లో 'పేలియోబయాలజీ' పత్రిక మొదలైనప్పుడు ఆ పేరు వెనక ఒక పట్టుదల ఉంది. శిలాజాలను రాతి పొరల వయసు చెప్పే గుర్తులుగా మాత్రమే చూస్తే చాలదు, జీవపరిణామం గురించి ప్రశ్నలు వేసి వాటితో జవాబులు రాబట్టాలి అన్నది ఆ పట్టుదల. ఇవాళ ఆ పేరు కింద పనిచేసేవాళ్లలో ఒకరు ఎముకల మీది రాతిని సూదిమొనతో నెలల తరబడి తొలుస్తారు. ఇంకొకరు రాయి ముట్టుకోకుండా డేటాబేస్‌లోని లక్షల నమోదుల మీద గణాంక నమూనాలు నడుపుతారు. మరొకరు గవ్వ పెంకులోని ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులు) కొలిచి ఒకనాటి సముద్రపు ఉష్ణోగ్రత అంచనా వేస్తారు. వీరికి కావలసిన గది వేరు, పరికరం వేరు. విద్యార్థికి నేర్పేదీ, ప్రచురణల వేగమూ వేరే.

చివరి ముగ్గురు అచ్చం ఇలాగే తేలారు: ఒక వెన్నెముక జీవుల నిపుణురాలు, ఒక గణాంక నమూనాల మనిషి, ఒక భూరసాయన నిపుణుడు. ముగ్గురూ గట్టివాళ్లే. దాంతో ఎంపిక సమావేశం అభ్యర్థుల గురించి కాకుండా, అసలు విభాగానికి ఎవరు కావాలన్న వాదనగా మారింది. ప్రకటన రాయకముందే తేలాల్సిన వాదన అది. అప్పుడైతే ఎవరి పేరూ బల్ల మీద ఉండదు కాబట్టి సూత్రం మాట్లాడుకోవచ్చు. పేర్లు వచ్చాక ఒక్కో సభ్యుడూ తన పరిశోధనకు దగ్గరగా ఉన్న అభ్యర్థి వైపు జరిగాడు, సూత్రాలన్నీ ఆ పేరుకు వత్తాసుగా పుట్టుకొచ్చాయి.

ఆ జాప్యంలో మొదటి ఎంపిక వేరే చోట చేరిపోయింది. రెండో ఎంపిక భూరసాయన నిపుణుడు. "రసాయన ప్రయోగశాల ఉంది" అని విభాగం చెప్పిన గదిని చూడాలని అడిగాడు. అందులో మామూలు ఫ్యూమ్ హుడ్ (హానికర ఆవిర్లను బయటికి లాగే పెట్టె) ఒకటి, పాత బల్లలు ఉన్నాయి. శుభ్రమైన గాలి సరఫరా లేదు, గ్యాస్ లైన్లు లేవు, మాస్ స్పెక్ట్రోమీటర్ (ఐసోటోపులు కొలిచే యంత్రం) పెట్టేందుకు ఉష్ణోగ్రత నిలకడగా ఉండే చోటు లేదు. అతడు మర్యాదగా కాదన్నాడు. నియామకం అక్కడితో ఆగింది.

ప్రకటనకు ముందు ఆరు వారాలు

రెండో ఏడాది మొదటి పని ప్రకటన రాయడం కాదు, ఉన్నదాన్ని లెక్క రాయడం. మూడు జాబితాలు తయారయ్యాయి.

మొదటిది బోధన. ఏ కోర్సులు ఆగిపోయాయి, వాటిలో ఏవి తప్పనిసరి? రెండు తేలాయి: రెండో ఏడాది విద్యార్థులకు శిలాజశాస్త్ర పరిచయం, పై తరగతులకు డేటా విశ్లేషణ. జీవశాస్త్ర విభాగం తన పరిణామం కోర్సులో సగం పంచుకుంటానంది.

రెండోది సేకరణ. అందులో ఎక్కువ భాగం సముద్రపు అకశేరుకాలే. ఈ ఒక్క వాస్తవం ప్రకటన దిశను చాలావరకు నిర్ణయించింది. చేతిలో వేల బ్రాకియోపాడ్‌లు, ట్రైలోబైట్‌లు, మొలస్క్‌లు ఉండగా వాటిని ముట్టని మనిషిని తీసుకుంటే సేకరణ మరో తరం పాటు నిద్రపోతుంది. కొత్త మనిషికి మాత్రం మొదటి రోజు నుంచే పనిచేయదగ్గ సామగ్రి అది.

మూడోది భవనం. ఇక్కడ సివిల్ ఇంజనీరును పిలవడం మంచిదైంది. 20 సొరుగుల బీరువాలో సొరుగుకు 15 కిలోల చొప్పున రాళ్లు ఉంటే 300 కిలోలు. బీరువా కింది వైశాల్యం 75 సెంటీమీటర్లకు 75 సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. మామూలు ఆఫీసు గదుల నేలను దాదాపు అందులో సగం బరువుకే డిజైన్ చేస్తారు. "సేకరణను మీ ల్యాబ్ పక్కన, రెండో అంతస్తుకు మారుస్తాం" అని అభ్యర్థులకు మాట ఇవ్వకుండా ఈ లెక్క ఆపింది.

ఈ మూడు జాబితాలు ఎదురుగా పెట్టుకుని విభాగం ఒక్క ప్రశ్న మీద ఓటు వేసింది: వచ్చే 10 ఏళ్లలో ఈ మనిషి ఏ రకం ప్రశ్నలు అడగాలి? "సముద్ర జీవుల వైవిధ్యం, విలుప్తి, పునరుద్ధరణ, శిలాజ నమూనాలనూ డేటానూ కలిపి" అని తేలింది. వెన్నెముక జీవుల పనిని ఇష్టపడే సభ్యులు ఓడిపోయారు. వారి అసంతృప్తి నిజమైనదే. కానీ ఆ ఓటమి ఏ అభ్యర్థి మీదా పడలేదు.

ప్రకటన మాటలు

కొత్త ప్రకటనలో అవసరాలు రెండు అంచెలుగా రాశారు. తప్పనిసరివి మూడే: డాక్టరేట్, సముద్ర అకశేరుక శిలాజాల మీద గానీ సూక్ష్మశిలాజాల మీద గానీ పరిశోధన, నమూనాల నుంచి డేటా సేకరణ, గణాంక విశ్లేషణ రెండూ చేసిన అనుభవం. ఉంటే మంచివి మరో మూడు: మ్యూజియం సేకరణతో పని, క్షేత్ర శిక్షణ నడిపిన అనుభవం, సీటీ స్కాన్ (ఎక్స్‌రేలతో శిలాజం లోపలి రూపం తీయడం) లేదా ఐసోటోప్ పద్ధతులతో పరిచయం. తప్పనిసరి జాబితా పెరిగేకొద్దీ అర్హులే తమంతట తాము తప్పుకుంటారు. మొదటి ముసాయిదాలో ఉన్న తొమ్మిది అంశాలను ఒక్కొక్కటిగా పట్టుకుని, "ఇది లేని మంచి అభ్యర్థి వస్తే నిజంగా తిరస్కరిస్తామా?" అని అడిగి కోసుకుంటూ వచ్చారు.

ఉన్న సౌకర్యాలను పేరుపేరునా రాశారు, లేనివి లేవనీ రాశారు: "విభాగంలో మైక్రో సీటీ యంత్రం లేదు, బయట స్కాన్ సమయానికి నిధి ఉంటుంది." ఈ వాక్యాన్ని తీసేయాలని ఒత్తిడి వచ్చినా ఉంచారు.

ప్రకటనను భూవిజ్ఞాన సంఘాలకే కాక జీవపరిణామ, జీవావరణ శాస్త్ర సంఘాలకు కూడా పంపారు. గణాంక పద్ధతుల్లో చేయి తిరిగినవాళ్లు చాలామంది జీవశాస్త్ర విభాగాల్లోనే పోస్ట్‌డాక్‌లుగా (డాక్టరేట్ తర్వాత తాత్కాలిక పరిశోధకులుగా) ఉంటారు, వాళ్లు భూవిజ్ఞాన ప్రకటనలు చూడరు. గడువు ఎనిమిది వారాలు. క్షేత్ర పనుల కాలంలో గడువు పెట్టడం పెద్ద పొరపాటు, అప్పుడు మంచి అభ్యర్థులు ఫోన్ అందని చోట గుడారాల్లో ఉంటారు.

దరఖాస్తులో అడిగినవి ఇవి: ఒక పేజీ లేఖ, మూడు పేజీల పరిశోధన ప్రణాళిక, రెండు పేజీల బోధన ప్రణాళిక, సీవీ, స్వయంగా ఎంచుకున్న మూడు పరిశోధన పత్రాలు, ఒక్కో పత్రంలో తన వంతు ఏమిటో సగం పేజీ. వీటికి తోడు ఒక పేజీ "నమూనాలు, డేటా వివరణ": తన పనిలోని నమూనాలు ఎక్కడివి, ఏ అనుమతితో తీశారు, ఇప్పుడు ఎక్కడ భద్రంగా ఉన్నాయి, డేటా, కోడ్ ఎక్కడ దొరుకుతాయి. సిఫారసు లేఖలు మొదటే అందరి నుంచీ అడగలేదు, చివరి జాబితాలోని వారికే అడిగారు. వందల లేఖలు రాయించి చదవకుండా పక్కన పెట్టడం రాసినవారి కాలాన్ని వృథా చేయడమే. పైగా చిన్న రంగంలో పెద్ద పేరున్న గురువు లేఖ ముందే చదివితే, తర్వాత చదివే ప్రణాళిక మీద ఆ నీడ పడుతుంది.

దరఖాస్తులు చదివిన తీరు

ఎంపిక కమిటీలో ఐదుగురు: భూవిజ్ఞానం నుంచి ఇద్దరు, జీవశాస్త్రం నుంచి ఒకరు, గణాంకశాస్త్రం నుంచి ఒకరు, సేకరణ నిర్వాహకురాలు. ఆమెకు పూర్తి ఓటు ఉంది. గత ఐదేళ్లలో అభ్యర్థితో కలిసి పత్రం రాసినవారు, మార్గదర్శకులుగా ఉన్నవారు ఆ దరఖాస్తుకు మార్కులు వేయకూడదు. ఇంత చిన్న రంగంలో ఈ నియమం లేకపోతే సగం దరఖాస్తులను స్నేహితులే చదువుతారు.

100 మార్కుల పంపకం ఇలా ఉంది: పరిశోధన ప్రశ్న, ప్రణాళిక 30, ఆధారాలను వాడే తీరు 20, బోధన 25, నమూనాలు, సేకరణ 15, విద్యార్థుల మార్గదర్శనం, క్షేత్ర భద్రత 10. ప్రతి అంశానికీ 0 నుంచి 4 వరకు స్థాయిలు పెట్టి, ఏ స్థాయి అంటే ఏమిటో మాటల్లో రాసుకున్నారు. ఉదాహరణకు ఆధారాలను వాడే తీరులో 4 అంటే: శిలాజ రికార్డులోని లోపాలను అభ్యర్థే ఎత్తిచూపి, వాటి ప్రభావాన్ని పరీక్షించి, డేటా బయటపెట్టడం. 2 అంటే లోపాల ప్రస్తావన ఉంది గానీ పరీక్ష లేదు. 0 అంటే వాటి ఊసే లేదు.

ముందుగా వేర్వేరు రకాల మూడు దరఖాస్తులను ఐదుగురూ విడివిడిగా చదివి మార్కులు వేశారు. ఎక్కడ రెండు స్థాయిల తేడా వచ్చిందో అక్కడ ఆగారు. జీవశాస్త్ర సభ్యుడు వర్గీకరణ పత్రాలన్నిటికీ తక్కువ వేశాడు. భూవిజ్ఞాన సభ్యుడొకరు క్షేత్ర పని లేనివారందరికీ తక్కువ వేశాడు. ఇద్దరిలోనూ దురుద్దేశం లేదు, ఎవరి రంగంలోని అలవాటు వారిది. స్థాయిల మాటలు తిరగరాసి, మళ్లీ మూడు చదివి, ఆ తర్వాతే మిగతావి తెరిచారు. దీనికి ఒక వారం పట్టింది. మొత్తం ప్రక్రియలో అంతకంటే బాగా ఖర్చయిన వారం లేదు.

పత్రాల సంఖ్య చూసి మార్కులు వేయకూడదని ముందే రాసుకున్నారు. పత్రికలోని వ్యాసాలకు సగటున వచ్చే ఉదహరింపులను చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మనిషి పనికి కొలతగా వాడొద్దన్న 2012 నాటి సాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన అన్ని శాస్త్రాలకూ వర్తించేదే. పేలియోబయాలజీలో దాని అవసరం ఇంకా ఎక్కువ. ఒక అస్థిపంజరాన్ని రాతి నుంచి వేరు చేసి వర్ణించడానికి ఏళ్లు పట్టవచ్చు. ఒక జీవవర్గం మొత్తాన్ని తిరగరాసిన సమగ్ర గ్రంథానికి (మోనోగ్రాఫ్) ఉదహరింపులు మెల్లగా వస్తాయి, అయినా దశాబ్దాల పాటు వస్తూనే ఉంటాయి. అమెరికన్ శిలాజశాస్త్రవేత్త జాక్ సెప్కోస్కి సముద్ర జీవుల కుటుంబాలు ఏ కాలంలో కనిపించాయి, ఎప్పుడు మాయమయ్యాయి అని ప్రచురితమైన రచనల నుంచి ఏళ్ల తరబడి ఏరి పట్టికలు కట్టారు. ఆ డేటా మీద మరో శిలాజశాస్త్రవేత్త డేవిడ్ రౌప్‌తో కలిసి 1982లో రాసిన పత్రమే సామూహిక విలుప్తుల చర్చను కొత్త దారి పట్టించింది. పట్టికలు కడుతున్న ఏళ్లలో ఆయన సీవీని పత్రాల సంఖ్యతో కొలిచి ఉంటే ఏం తేలేది? ఈ ఉదాహరణను కమిటీ తన మార్గదర్శకాల మొదటి పేజీలోనే రాసుకుంది.

నమూనాల పేజీ బయటపెట్టిన చిక్కు

ఒక బలమైన అభ్యర్థి ముఖ్య పత్రం ప్రైవేటు వ్యక్తి చేతిలో ఉన్న నమూనా మీద ఆధారపడింది. నమూనా ప్రజా సంస్థలో లేకపోతే రేపు మరొకరు దాన్ని మళ్లీ చూసి ఫలితాన్ని పరీక్షించే హామీ లేదు. వెర్టిబ్రేట్ పేలియాంటాలజీ సంఘం (వెన్నెముక జీవుల శిలాజాలను అధ్యయనం చేసేవారి సంఘం) వంటివి గట్టిగా అభ్యంతరం చెప్పేది అందుకే. మూల దేశం సంగతీ ఉంది. బ్రెజిల్‌లో దొరికి జర్మనీ మ్యూజియానికి చేరిన ఉబిరాజారా అనే డైనోసార్ శిలాజంపై పత్రం ఉపసంహరణకు గురైంది, నమూనా 2023లో బ్రెజిల్‌కు తిరిగి వెళ్లింది. మయన్మార్ అంబర్ (గట్టిపడిన ప్రాచీన చెట్ల జిగురు) శిలాజాల విషయంలో సంఘర్షణ ప్రాంతం నుంచి వచ్చిన నమూనాలను ప్రచురించవద్దని అదే సంఘం 2020లో పత్రికలను కోరింది. ఇలాంటి వారసత్వంతో వచ్చే మనిషి రేపు ఈ విభాగం పేరుతోనే ప్రచురిస్తాడు, ఇక్కడి విద్యార్థులకే అలవాట్లు నేర్పుతాడు.

అలాగని కమిటీ ఆ దరఖాస్తును వెంటనే పక్కన పెట్టలేదు. పరిశోధక విద్యార్థికి నమూనాను ఎంచుకునే అధికారం చాలాసార్లు ఉండదు. వీడియో ఇంటర్వ్యూలో అందరికీ ఒకే ప్రశ్న వేశారు: "మీ పనిలో నమూనా హక్కు, అనుమతి విషయంలో ఇప్పుడు వేరేగా చేసేది ఏమైనా ఉందా?" ఆ అభ్యర్థి పత్రంలోని పరిమితిని ఒప్పుకుని, నమూనాను మ్యూజియానికి చేర్చేందుకు రాసిన ఉత్తరాలు చూపి, తర్వాతి పనంతా మ్యూజియం నంబరు పడిన నమూనాలతోనే చేశానని వివరించింది. చివరి జాబితాలోకి వచ్చింది. ఇంకో అభ్యర్థి, తన నమూనాల మూలదేశం నుంచి సహరచయితలు ఎవరూ లేరెందుకన్న ప్రశ్నకు విసుక్కున్నాడు. మార్గదర్శనం మార్కులు అక్కడే తగ్గాయి.

ఇంటర్వ్యూ, సందర్శన

పదిమందికి 30 నిమిషాల వీడియో ఇంటర్వ్యూ. ఐదు ప్రశ్నలు, అదే వరుస, అవే మాటలు. ప్రతి జవాబు కాగానే ఎవరి మార్కులు వారు రాసుకోవడం, అందరూ అయ్యాకే మాట్లాడుకోవడం. తోచినట్టు సాగే కబుర్ల కంటే ఇలా కట్టుదిట్టంగా నడిచే ఇంటర్వ్యూ మెరుగని నియామక పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. అయినా విశ్వవిద్యాలయాల్లో ఇది ఇంకా అరుదుగానే కనిపిస్తుంది.

సందర్శనకు ముగ్గురిని పిలిచారు, ఒక్కొక్కరికి రెండు రోజులు. పరిశోధన ప్రసంగం అందరూ బాగానే చేస్తారు, ఏళ్లుగా చేస్తున్నదే కదా. తేడా తెలిసింది మరో రెండు చోట్ల.

ఒకటి బోధన. ముగ్గురికీ ఒకే విషయం, 25 నిమిషాలు, రెండో ఏడాది విద్యార్థుల ముందు: సిగ్నర్–లిప్స్ ప్రభావం. 1982లో ఫిలిప్ సిగ్నర్, జెరి లిప్స్ చెప్పిన విషయమిది. ఒక జాతికి చెందిన ఆఖరి జీవి శిలాజంగా దొరకడం దాదాపు అసాధ్యం, అందుకే ఒక్కసారిగా జరిగిన విలుప్తి కూడా రాతి పొరల్లో మెల్లమెల్లగా జరిగినట్టు కనిపిస్తుంది. చెప్పడానికి తేలిక, అర్థమయ్యేలా చెప్పడం కష్టం. ఒకరు సమీకరణంతో మొదలుపెట్టి తరగతిని కోల్పోయారు. ఒకరు రంగు కాగితపు ముక్కలను పొరలుగా పేర్చి, విద్యార్థుల చేత కళ్లు మూసుకుని ఏరించి, ఏ రంగు "చివరిసారి" ఎక్కడ దొరికిందో బోర్డు మీద గీయించారు. అరుదైన రంగులు విలుప్తి జరిగిన సరిహద్దుకు చాలా కిందే ఆగిపోవడం పిల్లలే గమనించారు.

రెండోది సేకరణలో ఒక గంట. సొరుగులు తెరిచి, "ఇందులో మీరు మొదట దేని మీద పనిచేస్తారు?" అన్న ప్రశ్న. ఒకరు చీటీల్లో పొర పేరు లేని నమూనాలను వెంటనే పట్టి, అవి దేనికి పనికొస్తాయో, దేనికి రావో చెప్పారు. ఈ గంట గురించి సేకరణ నిర్వాహకురాలు రాసిన అర పేజీ నివేదిక తుది చర్చలో అన్నిటికంటే ఎక్కువసార్లు చదివిన కాగితం.

క్షేత్ర భద్రత గురించి కూడా అడిగారు. క్షేత్ర పరిశోధనల్లో వేధింపులు మామూలేననీ, చాలామందికి ఫిర్యాదు దారే తెలియదనీ 2014లో మానవశాస్త్రవేత్త కేథరిన్ క్లాన్సీ బృందం ప్రచురించిన సర్వే చూపించింది. "మీ శిబిరంలో విద్యార్థి ఎవరికి చెప్పుకోవాలి, ఆ ఫిర్యాదు మీ మీదే అయితే?" అన్న ప్రశ్నకు ఉన్న జవాబు రాతలో ఉందా, మాటల్లోనేనా అని చూశారు. కుటుంబం, పిల్లల గురించిన ప్రశ్నలు భోజన సమయంలో కూడా నిషిద్ధమని సభ్యులందరికీ ముందే చెప్పారు.

తుది సమావేశంలో మొదట ర్యాంకులు లేవు. ఒక్కొక్కరి గురించి ఒకటే ప్రశ్న: ఈమెను లేదా ఇతన్ని తీసుకోవచ్చా, లేదా? ఆ ఓటు ముగిశాకే వరుస. వరుస మీద పట్టుదలలు పెరగకముందే ఇద్దరు తగినవారని తేలిపోయింది. అందువల్ల మొదటివారు కాదంటే ఏం చేయాలన్న చర్చ మళ్లీ రాలేదు.

నియామక పత్రం

మొదటిసారి బోల్తా కొట్టింది ఇక్కడే కాబట్టి ఈ భాగానికి ఎక్కువ కష్టపడ్డారు. నోటిమాట సందర్శన ముగిసిన పది రోజుల్లో, రాతపూర్వక పత్రం ఆ తర్వాతి వారంలో, జవాబుకు రెండు వారాలు. ప్రతి సౌకర్యం పక్కన మూడు గడులు: ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు, ఆలస్యమైతే బదులు ఏమిటి.

మైక్రో సీటీ యంత్రం కొనాలన్న ఆశ ఒక దశలో మళ్లీ తలెత్తింది. యంత్రం ధర కంటే దాన్ని నడిపే మనిషి జీతం, ఏటేటా సర్వీసు ఒప్పందం, డేటా భారం పెద్దవి. 2000 × 2000 × 2000 వాక్సెల్‌ల (త్రిమితీయ చిత్రంలోని చిన్న ఘనాల) స్కాన్ 16 బిట్‌లో ఒక్కటే 16 జీబీ. దాన్ని తెరిచి శిలాజాన్ని రాతి నుంచి విడదీయాలంటే మెమరీ అంతకు కొన్ని రెట్లు కావాలి. అందుకని యంత్రం మానేసి, మూడేళ్లకు స్కాన్ సమయం, 256 జీబీ మెమరీ ఉన్న వర్క్‌స్టేషన్, బ్యాకప్‌తో కూడిన స్టోరేజీ, రెండేళ్లకు ఒక టెక్నీషియన్ జీతం ఇచ్చారు. ఎంపికైన వ్యక్తి కూడా టెక్నీషియన్‌నే ఎక్కువ కోరింది.

ఆమె పనిలో కొంత భాగం సూక్ష్మశిలాజాలు. సున్నపురాయిని పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి కోనోడాంట్‌లు (ప్రాచీన సముద్ర జీవుల పళ్లలాంటి సూక్ష్మ భాగాలు) తీయడానికి మామూలు ఫ్యూమ్ హుడ్ చాలు. పుప్పొడి, బీజాణువుల కోసం సిలికేట్ రాళ్లను కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సంగతి అలా కాదు. అది గాజును తినేస్తుంది, చర్మం మీద పడితే లోపలికి దిగి శరీరంలోని కాల్షియంను లాగేస్తుంది. దానికి ప్లాస్టిక్ లోపలి గోడలున్న ప్రత్యేక హుడ్, కాల్షియం గ్లూకోనేట్ జెల్, శిక్షణ పొందిన ఇద్దరు, వ్యర్థ ఆమ్లం పారవేతకు ఏర్పాటు ఉండాలి. ఇవి సిద్ధమయ్యేదాకా నమూనాలను బయటి ప్రయోగశాలలో చేయించే ఖర్చు విభాగానిదని పత్రంలో రాశారు. ఆ వాక్యం అవసరమే పడింది, హుడ్ అనుకున్న గడువుకు చాలా ఆలస్యంగా వచ్చింది.

రెండు విభాగాల మధ్య ఉమ్మడి ఒప్పందం రెండు పేజీలు. పదోన్నతి నిర్ణయం భూవిజ్ఞానానిది. జీవశాస్త్రం లిఖితపూర్వక అభిప్రాయం ఇస్తుంది, ఓటు వేయదు. బోధన భారం రెండు చోట్ల కలిపి ఒక పూర్తి భారమే, ఏ విభాగ సమావేశాలకు వెళ్లాలో ఆమె ఇష్టం. మొదటి ఏడాది ఒకే కోర్సు. చేరే తేదీని క్షేత్ర పనుల కాలం ముగిశాక పెట్టారు. లేకపోతే మొదటి సీజన్ ఇల్లు మారడంలోనే పోయేది.

ఒక్కటి మాత్రం కుదరలేదు. సేకరణ నిర్వాహకురాలి పదవిని శాశ్వతం చేయమని కమిటీ రాసిన సిఫారసు ఆమోదం పొందలేదు, మూడేళ్ల కాంట్రాక్టుగానే మిగిలింది. కొత్త అధ్యాపకురాలి ప్రణాళికలో సగం ఆ సొరుగుల మీదే నిలబడి ఉంది. కాబట్టి మూడో ఏడాది మధ్యంతర సమీక్షలో నిర్వాహకురాలు లేకుండా గడిచిన నెలలను ఆమె పురోగతి లెక్కలోంచి మినహాయించాలన్న షరతును నియామక పత్రం చివరి పేరాలో చేర్చారు.